ప్రోస్టేట్ కోసం ఏది మేలు: డబ్బా మాత్రలా, ప్యాకేజీలో పీఎస్ఏనా, ముందు డాక్టరుతో మాటా?

హన్మకొండలో పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషుల మాటల్లో షుగరు, బీపీ తర్వాత ఇప్పుడు ప్రోస్టేట్ కూడా చేరింది. మగవాళ్ళలో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి అది. మెడికల్ షాపు కౌంటరు మీద ‘ప్రోస్టేట్ ఆరోగ్యానికి’ అని రాసిన డబ్బా ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో బుక్ చేసిన హెల్త్ ప్యాకేజీలో పీఎస్ఏ అనే రక్తపరీక్ష ఉంటుంది, ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్‌ను కొలిచేది. ఇవి రెండూ కాక, ముందు డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడటం మూడో దారి. ఎవరూ ప్రచారం చేయరు గానీ నా ఓటు దానికే. డబ్బాకు మాత్రం అసలు ఓటే లేదు.

ముందు ఒక గందరగోళం తీరాలి. రాత్రి నాలుగుసార్లు ఒంటికి లేవడం, ధార సన్నబడటం, ఆగి ఆగి రావడం ఎక్కువమందిలో వయసుతో పాటు గ్రంథి పెరగడం వల్ల వచ్చేవే. ఆ పెరుగుదల మూత్రనాళం చుట్టూ ఉన్న భాగంలో ఉంటుంది కాబట్టి నాళాన్ని నొక్కుతుంది. క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది గ్రంథి వెలుపలి అంచున. అక్కడ నొక్కడానికి నాళం లేదు, అందుకే తొలిదశలో చాలామందికి ఏమీ తెలియదు. ధార బాగుందని నిశ్చింతగా ఉండటానికీ లేదు, ధార తగ్గిందని క్యాన్సరే అనుకుని టెన్షన్ పడటానికీ లేదు. మూత్రంలో రక్తం పడినా, నడుములోనో తుంటిలోనో ఎముక నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా మాత్రం ఈ పోలికలన్నీ పక్కనబెట్టి వెంటనే చూపించుకోవాలి.

ఇక మాత్రల సంగతి. ‘విటమినే కదా, వేసుకుంటే పోయేదేముంది’ అంటారు. పోయేది ఉంది. ‘సెలెక్ట్’ పేరుతో అమెరికా, కెనడాల్లో 2001లో మొదలైన పెద్ద పరిశోధనలో 35 వేలమందికి పైగా మగవాళ్ళు చేరారు. విటమిన్ ఇ, సెలీనియం ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతాయేమో చూద్దామన్నది ఉద్దేశం. లాభం కనబడక 2008లో మాత్రలు ఆపించారు. 2011 నాటికి లెక్క చూస్తే, విటమిన్ ఇ మాత్రమే వేసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా తేలింది. వాళ్ళకు ఇచ్చిన మోతాదు రోజుకు 400 యూనిట్లు. మన షాపుల్లో చీటీ లేకుండా దొరికే ‘400’ క్యాప్సూల్ కూడా దాదాపు అంతే. జుట్టుకనీ, కాళ్ళ నొప్పులకనీ ఏళ్ల తరబడి మింగేవాళ్ళు ఈ సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

సా పామెటో అనే మొక్క సారం ఉన్న ఖరీదైన డబ్బాలదీ ఇలాంటి కథే. మూత్రం ఇబ్బందికి అది పనిచేస్తుందా అని 2006లో ఒకటి, 2011లో మరొకటి మంచి పరిశోధనలు వచ్చాయి. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగేమీ కాదని రెండూ తేల్చాయి. టమాటాలోని లైకోపీన్ మీద ఆశ ఉంది, గట్టి రుజువు లేదు. టమాటా తినాలనిపిస్తే నూనెలో మగ్గబెట్టి పప్పులో వేసుకోండి, లైకోపీన్ అలాగే ఒంటికి బాగా పడుతుంది. దానికోసం క్యాప్సూల్ ఎందుకు?

మన దేశంలో మగవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో నోటిది, ఊపిరితిత్తులది ముందు వరుసలో ఉన్నాయి. గుట్కా నములుతూ, బీడీ తాగుతూ ప్రోస్టేట్ డబ్బా కొనేవాళ్ళను చూస్తే నాకు నవ్వూ రాదు, కోపమూ రాదు, విసుగొస్తుంది. పొగ తాగేవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోయే ముప్పు కూడా ఎక్కువే. ముప్పై ఏళ్ళు సింగరేణిలో చేసి భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో రిటైరైన మనిషి డబ్బా ఖర్చు మానేసి, బీడీ మానేసి, పొట్ట తగ్గేలా నడిస్తే అన్ని లెక్కల్లోనూ ముందుంటాడు.

పీఎస్ఏ అలా కొట్టిపారేసేది కాదు. ఐరోపా దేశాల్లో ఏళ్ల తరబడి నడిచిన పెద్ద పరిశోధన 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచిన గుంపులో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. విడమరిచి చెప్పాలంటే, 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్క ప్రాణానికి ఎదురుగా, పరీక్షే లేకపోతే బయటపడని క్యాన్సర్ 12 మందిలో బయటపడింది. వాళ్ళలో చాలామందికి ఆ జబ్బు ఎప్పటికీ బాధపెట్టేది కాకపోవచ్చు, కానీ మాట చెవిన పడ్డాక నిద్రపట్టదు. లాభం నిజమే, ఖర్చూ నిజమే.

పరీక్షను ప్యాకేజీలో కలిపేయడం దగ్గరే నాకు పేచీ. రక్తం తీసుకోవడానికి ఇంటికొచ్చిన అబ్బాయి మూత్రంలో మంట ఉందా అని అడగడు. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఈమధ్య మూత్రానికి పైపు వేసినా, ముందు రెండు రోజుల్లో వీర్యం పోయినా, సైకిల్ బాగా తొక్కినా అంకె పెరగొచ్చు. పీఎస్ఏ ఎక్కువ వచ్చిన నలుగురిలో సుమారు ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. దీనికి తలకిందులుగా ఇంకో చిక్కుంది. పెరిగిన గ్రంథికి ఇచ్చే ఫినాస్టెరైడ్, డుటాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకు రిపోర్టులో 3 వస్తే ల్యాబు కాగితం మీద నార్మల్ అని ఉంటుంది, డాక్టరు మాత్రం దాన్ని 6గా చదువుతాడు. మెయిల్‌లో వచ్చిన రిపోర్టు చూసి ‘నాన్నకు అంతా బాగుంది’ అనుకునే కొడుక్కి ఇది తెలిసే దారి లేదు.

అమెరికాలో నిపుణుల బృందం 2012లో ఈ పరీక్షతో స్క్రీనింగ్ ఎవరికీ వద్దంది. 2018లో మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్లవాళ్ళు డాక్టరుతో లాభనష్టాలు మాట్లాడి ఎవరికి వాళ్ళు తేల్చుకోమంది. 70 దాటితే వద్దనే చెప్పింది. నాకు ఇది సబబుగా తోస్తోంది. తండ్రికో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే ముప్పు సుమారు రెట్టింపు, వాళ్ళు 55 దాకా ఆగకుండా ముందే మాట్లాడాలి. ఇంట్లో ఆడవాళ్ళకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చి ఉంటే అదీ చెప్పాలి, బీఆర్‌సీఏ2 అనే జన్యులోపం ఆడవాళ్ళలో ఆ క్యాన్సర్లకూ, మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ ముప్పు పెంచుతుంది.

డాక్టరును అడగాల్సిన అసలు ప్రశ్న, ‘ఎక్కువొస్తే ఏం చేద్దాం?’ అని. మళ్ళీ పరీక్ష, తర్వాత ఎంఆర్ఐ, అవసరమైతేనే ముక్క తీసి పరీక్షించడం ఇప్పటి వరుస. క్యాన్సరే తేలినా ప్రతిదానికీ ఆపరేషన్ కాదు. బ్రిటన్‌లో తొలిదశవాళ్ళను మూడు గుంపులు చేసి ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్ ఇచ్చి, ఒకరిని గమనిస్తూ ఉన్నారు. 15 ఏళ్ల తర్వాత చూస్తే మూడింటిలోనూ సుమారు 97 శాతం మంది ఈ జబ్బుతో చనిపోలేదు. మూత్రం చుక్కలుగా కారడం, అంగస్తంభన తగ్గడం వంటి ఇబ్బందులు మాత్రం ఆపరేషన్ గుంపులో ఎక్కువ. చికిత్స తప్పనివాళ్ళకు హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి కూడా 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు.

78 ఏళ్ల బాపుకు ఏది మేలని అడిగితే ఏ ఇబ్బందీ లేనప్పుడు పీఎస్ఏ జోలికి పోకండి అంటాను. ఆ వయసులో అంతకంటే పెద్ద భయం, రాత్రి ఒంటికి లేచి చీకట్లో జారిపడి తుంటి విరగడం. సాయంత్రం ఆరు తర్వాత చాయ్ ఆపించండి, పడుకునే ముందు నీళ్ళు తగ్గించండి, బాత్రూమ్ దాకా లైటు పెట్టించండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేది ఉంటే పొద్దున వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఆయన వాడే మందుల చీటీలన్నీ అదే రోజు పట్టుకుపోండి.