మిణుగురుల ఫొటో ట్రిప్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

కోనసీమలో రాత్రిపూట మిణుగురుల ఫొటోలు తీయిస్తామంటూ తలకి 2,500 రూపాయలు వసూలు చేసే ఒక ట్రిప్ ప్రకటన ఈమధ్య ఫోన్లలో తిరుగుతోంది. నేను డబ్బు కట్టి వెళ్ళొచ్చాను. దయచేసి మీరు కట్టకండి.

ముందు ఆ ప్రకటనలోని ఫొటో చూడండి. చెట్ల మధ్య వేల చుక్కలు, వెనకాల కొండ వాలు. అమలాపురం చుట్టుపక్కల కొండ ఎక్కడుంది? పైగా అలాంటి ఫొటో ఒక్క క్లిక్‌తో వచ్చేది కాదు. కెమెరాని ట్రైపాడ్ మీద కదలకుండా పెట్టి, ఒక్కోటి 20, 30 సెకన్ల చొప్పున గంటసేపు వరసగా తీసి, తర్వాత వాటన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి కలుపుతారు. కంటికి ఒకేసారి అన్ని కనిపించవు. ఈ సంగతి వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. మాతో వచ్చిన కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని ఆ బొమ్మలో ఉన్నట్టే కనిపిస్తుందని చాలాసేపు ఎదురుచూశారు, పాపం.

తేదీ కూడా వాళ్ళ వీలు చూసుకుని పెట్టారు. శనివారం, పున్నమి దగ్గర్లో. వెన్నెల్లో మిణుగురుల వెలుగు తేలిపోతుంది. కెమెరా షట్టర్‌ని అంతసేపు తెరిచి ఉంచితే ఫొటో కూడా తెల్లబడుతుంది. అడిగితే ‘ప్రకృతి మన చేతిలో లేదు కదండీ’ అన్నారు. పున్నమి ఏ రోజో గోడమీది క్యాలెండర్‌లోనే ఉంటుంది.

ప్రకటనలో కోరింగ మడ అడవి పేరు కూడా వాడుకున్నారు. అది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపల ఫొటోలు తీయాలంటే అనుమతి కావాలి. ‘మేం చూసుకుంటాం’ అన్నారే గాని కాగితం చూపించలేదు. చివరికి ఒక కాలవగట్టు మీద దింపారు. అవతల రొయ్యల చెరువుల లైట్లు పట్టపగల్లా వెలుగుతున్నాయి. గట్టంతా గడ్డి, పాములు తిరిగే చోటు. అయినా బూట్లు వేసుకురమ్మని కూడా ముందు చెప్పలేదు.

నాకు బాగా కోపం వచ్చింది ఆ తర్వాత. పురుగులు పెద్దగా కనిపించకపోయేసరికి ఒకతను పొదల మీదకి పెద్ద టార్చ్ వేసి ఊపడం మొదలుపెట్టాడు. ఇంకొకతను సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీశాడు. దాన్నిండా సాయంత్రం పట్టి ఉంచిన మిణుగురులు. వాటిని అరటాకు మీద దులిపి ‘తీసుకోండి సార్, క్లోజప్’ అన్నాడు. సగం కదలడం లేదు.

మిణుగురుకి ఆ వెలుగు అలంకారం కాదు. మగది ఎగురుతూ మిణుకుమంటే, ఆడది కింద గడ్డిలోంచి జవాబిస్తుంది. జత కలిసేది అలాగే. లార్వాగా తడి నేలలో నెలల తరబడి నత్తల్ని తిని పెరిగి, రెక్కలొచ్చాక బతికేది కొద్ది వారాలే. ఆ కొద్దిరోజుల్లో సీసాలో పెట్టినా, కళ్ళు చెదిరే లైటు వేసినా గుడ్లు పెట్టాల్సిన కాలం పోతుంది. ఫొటోకైనా పనికొస్తుందా అంటే అదీ లేదు. ఎగిరే పురుగు ఫొటోలో చుక్కల బారుగా పడుతుంది, ఆకు మీద పడున్నది ఒట్టి మరక.

అందుకే ఇలాంటి ట్రిప్ ఎవరు పెట్టినా తిథి అడగండి. అమావాస్య అటూ ఇటూ అయితేనే మాట్లాడండి. ఫొటో ఎక్కడ తీశారో, ఎన్ని కలిపారో, అనుమతి కాగితం ఉందో అడగండి. ఫ్లాష్ వాడనిస్తాం, పురుగుల్ని గ్యారంటీగా చూపిస్తాం అన్నారంటే వదిలేయండి. నడవడానికి టార్చ్ కావాలి, కాదనను. ఎర్ర కాగితం చుట్టి పాదాల దగ్గరే వేసుకోవాలి, కెమెరా పెట్టాక ఆపేయాలి.

నా డబ్బు తిరిగివ్వలేదు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన వివరాలు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అదే ట్రిప్‌కి వెళ్ళినవాళ్ళుంటే మీ రసీదులు చెరిపేయకుండా మీరూ ఫిర్యాదు ఇవ్వండి. వచ్చే బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్ళు ఇవాళే వెనక్కి అడగండి, ఫోన్‌లో కాదు, మెసేజ్ రాసి.