జారే క్లచ్‌తో బొగత దారి: పాత జిప్సీలకు ఎక్కడ ఆగితే మేలు

హన్మకొండ నుంచి తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా బొగత జలపాతానికి పాత మారుతి జిప్సీ వేసుకొని బయల్దేరేవాళ్లు క్లచ్ సంగతి ములుగు దాటకముందే తేల్చుకోవాలి. ఆ పైన తినడానికి, పడుకోవడానికి ఇబ్బంది లేదు. గేర్‌బాక్స్ దించి ఎక్కించే చోటు దొరకడమే కష్టం.

క్లచ్ పరీక్షకు హన్మకొండ–ములుగు రహదారి చాలా అనువైనది. పొద్దున్నే ట్రాఫిక్ పలచగా ఉన్నప్పుడు 4వ గేరులో గంటకు 45 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ మోత పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఒక్కసారి చూస్తే చాలు, చూసిన ప్రతిసారీ క్లచ్ ప్లేటు కాలుతుంది. ఈ పరీక్ష టూ వీల్‌లోనే చేయాలి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకదాన్నొకటి బిగపట్టుకుంటాయి, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) మీద భారం పడుతుంది. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఆ కేసును నడిపే ట్రాన్స్‌ఫర్ లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి వస్తే కూడా ఇంజిన్ ఉత్తగానే అరుస్తుంది. కానీ అప్పుడు లాగుడు ఒక్కసారిగా పోతుంది, కాలిన వాసన రాదు.

జారుతోందని తేలగానే ప్లేటు మార్చాలని తీర్మానించుకోవద్దు. ముందు కేబుల్ చూడండి. క్లచ్ ఫోర్కు (కేబుల్ లాగే చేయి) చివర 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఆట, అంటే బరువు తగలకముందు వదులుగా కదిలే దూరం, ఉండాలి, పెడల్ దగ్గర అది సుమారు 2 సెంటీమీటర్లు అవుతుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గి, చివరికి రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించేది) ఎప్పుడూ ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును అదిమిపట్టేది) వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు ప్లేటులో సత్తువ మిగిలున్నా క్లచ్ జారుతుంది. అడ్జస్టింగ్ నట్టు వదులు చేస్తే చాలు, ఈ పని ములుగులో ఏ మెకానిక్ అన్న అయినా పది నిమిషాల్లో చేసిస్తాడు. పాత థార్, స్కార్పియోల్లాంటి హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది) బండ్లకు వేరే పరీక్ష ఉంది. జారుతున్నప్పుడు క్లచ్ దగ్గరి స్లేవ్ సిలిండర్ బ్లీడ్ నిపుల్ (ఫ్లూయిడ్ బయటికి వదిలే మర) కొంచెం వదులు చేయండి. పేరుకున్న ఒత్తిడితో ఫ్లూయిడ్ చిమ్మి, జారుడు తగ్గిందంటే తప్పు ప్లేటుది కాదు, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌ది.

ఆట సరిగ్గానే ఉన్నా జారుతుంటే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య క్లచ్‌ను కప్పే డొప్ప) అడుగున వేలితో తడిమి చూడండి. నల్లటి ఇంజిన్ ఆయిల్ అంటితే క్రాంక్ వెనక సీలు పోయింది. గంధకం వాసనతో చిక్కటి నూనె అంటితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోయింది. నూనె పీల్చుకున్న ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దానికి ఒప్పుకోవద్దు. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

పరిస్థితి ఇక్కడిదాకా వస్తే బండిని వెనక్కి తిప్పి వరంగల్ ఆటోనగర్‌కు వెళ్లడమే తెలివైన పని. విడిభాగాలు, లేత్ పని, గేర్‌బాక్స్ దించే మనుషులు మూడూ దగ్గర దగ్గర దొరికేది అక్కడే. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఉంటుంది. మధ్యనున్న పొట్టి షాఫ్టు విప్పితే గేర్‌బాక్స్ ఒక్కటే దిగుతుంది, ట్రాన్స్‌ఫర్ కేసు ముట్టుకోనక్కర్లేదు. ఈ సంగతి ముందే మాట్లాడుకుంటే కూలీ తగ్గుతుంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, పైన చెప్పిన రెండు సీళ్లు, కేబుల్ అన్నీ ఒకేసారి కొనండి. రూపాయి ఆదా అని ప్లేటు ఒక్కటే వేయించుకుంటే, చిన్న సీలు కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సి వస్తుంది.

పని జరుగుతున్నప్పుడు పక్కనే ఉండి చూడండి. పాత ప్లేటులో రివెట్ తల దాకా లోతు 0.5 మిల్లీమీటరు కంటే తక్కువుంటే దాని ఆయుష్షు తీరినట్టే. ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద నీలి మచ్చలు, జుట్టంత పగుళ్లు కనిపిస్తే లేత్ మీద ఫేసింగ్ (పైముఖం సమంగా చెక్కడం) చేయించాలి. ప్లేటు స్ప్రింగుల ఉబ్బు గేర్‌బాక్స్ వైపు ఉండాలి. సెంటర్ చేసే కడ్డీ లేకుండా కంటి కొలతతో బిగిస్తే గేర్‌బాక్స్ ఎక్కదు. ఎక్కించేటప్పుడు దాని బరువు షాఫ్టు మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు అక్కడే వంగుతుంది. రిలీజ్ బేరింగును పెట్రోలులో ముంచనివ్వద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

ఈ పనికి ఒక పగలు పూర్తిగా పడుతుంది కాబట్టి రాత్రి బసకు హన్మకొండే అనుకూలం. ఆటోలో వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు, వరంగల్ కోట చూసి రావచ్చు. లక్నవరంలో బస అందంగా ఉంటుంది కానీ కాటేజీలు దీవి మీద, బండి ఒడ్డున. బండి మీద అనుమానం ఉన్నవాళ్లకు అది సరిపడదు. తాడ్వాయి హరిత బస అడవిలో ప్రశాంతంగా ఉంటుంది, బండి బాగైన తర్వాతి రాత్రికి దాన్ని ఉంచుకోండి.

కొత్త క్లచ్‌ను మొదటి 400–500 కిలోమీటర్లు మెత్తగా వాడాలి. 1213 నాటి రామప్ప గుడి దాకా తారు రోడ్డే, నిశ్చింతగా వెళ్లొచ్చు. మేడారం దగ్గర జంపన్న వాగు ఇసుకలోకి మాత్రం దింపొద్దు. తర్వాతెప్పుడైనా ఇసుకలో దిగితే ముందే 4L (ఫోర్ వీల్ లో-రేంజ్) వేయండి, హాఫ్ క్లచ్ మీద లాగించొద్దు. వాగు దాటేటప్పుడు నీళ్ల మధ్యలో క్లచ్ తొక్కితే ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ మధ్య నీళ్లు, ఒండ్రు చేరతాయి. గేరు ఒడ్డునే వేసుకొని, అవతలి గట్టు ఎక్కేదాకా కాలు పెడల్ మీద పెట్టకండి.