రీసేల్‌లో టైమ్‌షేర్ పాయింట్లు కొంటున్నారా? అడ్వాన్స్ పంపే ముందు ఇది చదవండి

టైమ్‌షేర్ పాయింట్లు (ఏటా రిసార్టుల్లో రూములు బుక్ చేసుకోవడానికి వాడేవి) రీసేల్‌లో, అంటే పాత ఓనర్ దగ్గర్నుంచి, సగం ధరకే వస్తున్నాయని చూస్తున్నవాళ్లందరికీ ముందే చెప్తున్నా. ప్రకటనలో రాసిన పాయింట్లు వేరు, కాంట్రాక్టు మీ పేరు మీదికి మారాక అకౌంట్లో కనిపించే పాయింట్లు వేరు.

నాకు అమ్మినాయన ఈ ఏడాది పాయింట్లు మొత్తం అలాగే ఉన్నాయన్నాడు, బ్రోకర్ కూడా ప్రకటనలో అదే వేశాడు. తీరా ట్రాన్స్‌ఫర్ పూర్తయి లాగిన్ చేతికొచ్చాక చూస్తే ఈ ఏడాదివి సున్నా, వచ్చే ఏడాదివి కూడా చాలావరకు ముందుకు లాగేసి వాడేసుకున్నాడు. అంటే అమ్మకానికి పెట్టి, నాతో బేరం కుదిరాక కూడా దర్జాగా రూములు బుక్ చేసుకుని తిరిగొచ్చాడన్నమాట! బ్రోకర్‌ని నిలదీస్తే "ఓనర్ చెప్పిందే మేం వేశామండీ" అని చేతులు దులిపేసుకున్నాడు.

ఇక్కడ అసలు దెబ్బ ఏంటంటే, మెయింటెనెన్స్ ఫీజుకి మీరెన్ని పాయింట్లు వాడారన్నదాంతో పనిలేదు. కాంట్రాక్టులో ఏడాదికి ఎన్ని పాయింట్లుంటే అన్నిటికీ బిల్లు వస్తుంది. పాలన్నీ పితుక్కుని ఆవుని అమ్మేసి, దాణా ఖర్చు మనకి అంటగట్టినట్టు ఉంది. అది కూడా ఏటేటా పెరిగే ఖర్చే, కట్టకపోతే వడ్డీ, కలెక్షన్ వాళ్ల ఫోన్లు, చివరికి ఫోర్‌క్లోజర్ (బాకీ కింద కాంట్రాక్టు జప్తు) దాకా పోవచ్చు.

అందుకని అమ్మేవాడి మాట, బ్రోకర్ పంపిన స్క్రీన్‌షాట్ (అది ఎప్పుడు తీసిందో ఎవడికి తెలుసు) నమ్మకుండా, రిసార్ట్ కంపెనీ నుంచే ఎస్టాపెల్ సర్టిఫికెట్ (కాంట్రాక్టు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో కంపెనీయే రాసిచ్చే కాగితం) తెప్పించమని అడగండి. ఈ ఏడాది పాయింట్లు ఎన్ని మిగిలాయి, పోయిన ఏడాదివి బ్యాంక్ చేసినవి (వాడకుండా ఈ ఏడాదికి దాచినవి) ఎన్ని, వచ్చే ఏడాది నుంచి బారో చేసినవి (ముందుకు లాగి వాడేసుకున్నవి) ఎన్ని, ఫీజు బాకీలు, లోన్ ఏమైనా ఉన్నాయా, ఇవన్నీ రాతపూర్వకంగా చూశాకే మిగతా డబ్బు కదలాలి. ఆ డబ్బు కూడా ఎస్క్రోలోకే (డీల్ పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే మూడో పార్టీ ఖాతా), నేరుగా అమ్మేవాడికి కాదు. క్లోజింగ్ అయ్యేదాకా, అంటే డీల్ పూర్తయ్యేదాకా, ఓనర్ ఒక్క పాయింటు కూడా ముట్టుకోకూడదని, ముట్టుకుంటే అంత ధర తగ్గించాలని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. నా అగ్రిమెంట్ బ్రోకర్ తయారుచేసిందే, అందులో ఈ ముక్క లేదు, ఎందుకు లేదో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంకోటి, రీసేల్ పాయింట్లకీ కంపెనీ దగ్గర నేరుగా కొన్న పాయింట్లకీ హక్కులు ఒకటి కావు. డిస్నీ వాళ్ల టైమ్‌షేర్ అయిన డిస్నీ వెకేషన్ క్లబ్ రూలే చూడండి. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్నవాళ్లు పాత 14 రిసార్టుల్లో ఒకదాని పాయింట్లు కొంటే ఆ 14 వరకే వాడుకోగలరు, ఆ తర్వాత వచ్చిన రివియెరా రిసార్టులో కుదరదు. అదే రివియెరా కాంట్రాక్టు రీసేల్‌లో కొంటే ఇక రివియెరా తప్ప ఇంకెక్కడా పనికిరాదు. పైగా సొంత రిసార్టుకి 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు గానీ మిగతావాటికి 7 నెలల ముందు మాత్రమే బుకింగ్ మొదలవుతుంది, అప్పటికి సెలవుల రోజులు చాలావరకు అయిపోయి ఉంటాయి. కాబట్టి చవగ్గా ఉన్న రిసార్టు కాదు, మీరు నిజంగా వెళ్లే రిసార్టు కొనండి. కాంట్రాక్టు ఎప్పటితో ముగుస్తుందో కూడా చూడండి, డిస్నీలో కొన్ని పాత రిసార్టులవి 2042తో సరి. వేరే కంపెనీల్లో రూల్స్ వేరు, వీఐపీ హోదాకి రీసేల్ పాయింట్లు లెక్కలోకి తీసుకోనివి కూడా ఉన్నాయి. ప్రకటనల్లో ఇవేవీ రాయరు.

పేరు మారాక మొదలయ్యే ఇంకో తలనొప్పి ఫోన్లు. "మీ పాయింట్లకి మంచి రేటు ఇచ్చే పార్టీ రెడీగా ఉంది, ట్యాక్సు, ప్రాసెసింగ్ ఫీజు ముందు పంపండి చాలు" అంటారు. నాకూ వచ్చాయి, పేరు, కాంట్రాక్టు వివరాలు అన్నీ కరెక్టుగా చెప్తున్నారు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఎన్నాళ్లుగానో హెచ్చరిస్తున్న మోసమే ఇది. మెక్సికోలో టైమ్‌షేర్లున్నవాళ్లని ఇలా పిండుతున్నందుకు ఒక డ్రగ్ కార్టెల్‌కి చెందినవాళ్ల మీద 2023లో అమెరికా ట్రెజరీ (ఆర్థిక శాఖ) ఆంక్షలు కూడా పెట్టింది, అంత పెద్ద దందా. ముందు డబ్బు అన్నమాట వినపడగానే ఫోన్ పెట్టేయండి.

నా విషయంలో బ్రోకర్ లైసెన్సు మీద ఫిర్యాదు పెట్టాను, పోయిన పాయింట్ల విలువ, వాటి మీద నేను కట్టిన ఫీజు తిరిగి ఇమ్మని అడిగాను. ఇప్పటిదాకా జవాబు లేదు. ఇదే పరిస్థితిలో ఎవరికైనా డబ్బు వెనక్కి వచ్చి ఉంటే ఎలా వచ్చిందో కామెంట్‌లో చెప్పండి.