షెల్‌చెక్ వాడి చూశాను, బాబాయి రొయ్యల లెక్క మీద

ఉండి దగ్గర మా బాబాయికి మూడు రొయ్యల చెరువులున్నాయి. వల విసిరి చూసిన కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది) కొడితే ఆ రోజు మేత ఎంత వేయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఆయన కోసం కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. లిస్ప్ ఎందుకని అడగొద్దు, నాకు ఇష్టం, అంతే. కిలోకి 100 తూగితే రొయ్య 10 గ్రాములు, 50 తూగితే 20. ఈ లెక్కలన్నిటికీ ఫైవ్‌ఏఎమ్ అనే లిస్ప్ టెస్టు లైబ్రరీతో టెస్టులు రాసి, వాటిని ఎస్‌బీసీఎల్ (లిస్ప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడపడానికి ఇరవై లైన్ల షెల్ స్క్రిప్టు, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలు, పెట్టుకున్నాను. మూడు వారాలుగా అది రోజూ "అన్నీ పాస్" అంటోంది. చెరువు గట్టు మీద మాత్రం ప్రోగ్రామ్ రెండు మూడు రోజులకోసారి చచ్చిపోతోంది.

"ఏరా, నీ మిషన్ ఇవాళ కూడా మేత చెప్పలేదు" అని పొద్దున్నే బాబాయి ఫోన్ వచ్చాక, షెల్ స్క్రిప్టుల్లో తప్పులు పట్టే షెల్‌చెక్ వేసుకున్నాను. ఉబుంటులో ఒక్క ఆప్ట్ కమాండ్‌తో వచ్చేస్తుంది, పైసా ఖర్చు లేదు. స్క్రిప్టును నడపదు, చదువుతుంది. తప్పున్న చోట బాణం గుర్తు పెట్టి ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరుకు వివరణ పేజీ ఉంటుంది, ఆ పేజీలు నిజంగా బాగున్నాయి.

మొదటి దెబ్బకే దొంగ దొరికాడు. ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్ పక్కన ఫోల్డర్ పేరున్న వేరియబుల్‌కి కొటేషన్ గుర్తులు పెట్టలేదు. దానికిచ్చిన నంబరు ఎస్‌సీ2086. సీడీ ఫెయిలైతే ఆగిపోయే ఏర్పాటు కూడా లేదు. దానికి ఎస్‌సీ2164. నా ఫోల్డర్ పేరు "రొయ్యల మేత", మధ్యలో ఖాళీ ఉంది, కొటేషన్లు లేకపోతే షెల్ దాన్ని రెండు ముక్కలుగా చూస్తుంది. అంటే సీడీ రోజూ ఫెయిలవుతోంది, స్క్రిప్టు హోమ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయి అక్కడ నేను ఎప్పుడో వదిలేసిన పాత టెస్టు ఫైలును నడుపుతోంది! మూడు వారాలు పాత కాపీకి పరీక్ష పెట్టుకుని సంబరపడ్డానన్నమాట. ఈ ఒక్కదానికే నా మార్కులు సగం ఇచ్చేశాను.

అది దిద్దాక సరైన టెస్టులు నడిచాయి. స్క్రీన్ మీద ఒకటి ఫెయిలైనట్టు కనిపించింది కూడా. చివరి లైన్ మళ్లీ "అన్నీ పాస్". షెల్‌చెక్‌ని అడిగితే ఏ తప్పూ లేదంది. ఇక్కడే నాకు చిరాకేసింది. ఎస్‌బీసీఎల్ అవుట్‌పుట్‌ని పైప్‌లో (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే దారి) టీ కమాండ్‌కి పంపి, స్క్రీన్ మీదా ఫైల్లోనూ లాగ్ రాయిస్తున్నాను. పైప్‌లో చివరి కమాండ్ ఫలితమే మొత్తం ఫలితం. టీ తన లాగ్ తాను చక్కగా రాసుకుంది, కాబట్టి పాస్. మామూలుగా నడిపితే షెల్‌చెక్ దీని గురించి ఒక్క మాటా అనదు. పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అనిపించే పైప్‌ఫెయిల్ లైన్ నేనే చేర్చాను. చేర్చగానే మాత్రం అరిచింది: స్క్రిప్టును ఏ షెల్ నడపాలో చెప్పే మొదటి లైన్‌లో బిన్ ఎస్‌హెచ్ అని పెట్టావు, అందులో పైప్‌ఫెయిల్‌కి హామీ లేదు అని. నిజమే, ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే చిన్న షెల్. పైప్‌ఫెయిల్ తెలిసిన బ్యాష్ షెల్‌కి మార్చాను.

అయినా పాసే!

ఈసారి తప్పు షెల్‌లో లేదు. ఏఎస్‌డీఎఫ్ (లిస్ప్ ప్రోగ్రాములను లోడ్ చేసి నడిపించే పనిముట్టు) టెస్ట్ సిస్టమ్‌ని పిలిస్తే టెస్టులు నడుస్తాయి గానీ, ఫైవ్‌ఏఎమ్ ఇచ్చిన జవాబును ఎవరూ పట్టించుకోరు. లిస్ప్ సున్నా కోడ్‌తో, అంటే అంతా బాగుందని చెప్పి, ప్రశాంతంగా ముగుస్తుంది. ఆ జవాబు చూసి, ఫెయిలైతే ఒకటితో బయటికి రమ్మని నేనే రాయాలి. స్క్రిప్ట్ మోడ్‌లో ఎస్‌బీసీఎల్ మన ఆర్‌సీ ఫైలు (మొదట్లో చదివే సొంత సెట్టింగుల ఫైలు) చదవదు కాబట్టి, లైబ్రరీలను తెచ్చే క్విక్‌లిస్ప్‌ని విడిగా లోడ్ చేయాలన్నదీ ఇలాంటిదే. లిస్ప్ లోపలి సంగతులు షెల్‌చెక్‌కి తెలియవు, అందుకు దాన్ని తిట్టలేను. కొటేషన్ గుర్తుల గురించి ప్రతి వేరియబుల్ దగ్గరా సణుగుతుంది, అంకె తప్ప ఏమీ రాదని మనకు తెలిసిన చోట కూడా. అలవాటైపోతుంది. ఐదుకి నాలుగు ఇస్తాను.

చివరికి స్క్రీన్ మీద "ఫెయిల్" అని పడింది. కౌంట్ సున్నా అయితే వెయ్యిని సున్నాతో భాగిస్తున్నాను. వల వేయని రోజు బాబాయి సున్నా కొడుతున్నాడట.

"బాబాయ్, చూడని రోజు ఖాళీగా వదిలెయ్" అన్నాను.

"ఖాళీగా వదిలితే మర్చిపోయాననుకుంటావని కొట్టాన్రా" అన్నాడు.