ఎస్‌ఎస్‌డీని మార్చేయమన్నారు, దాని లెక్కలే దాన్ని నిలబెట్టాయి

గుంటూరు బ్రాడీపేటలో మా డీటీపీ షాపు కంప్యూటర్‌లో ఈ 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు చిప్పుల్లో ఫైళ్లు దాచే డ్రైవ్, సాటా అంటే దాన్ని బోర్డుకి కేబుల్‌తో కలిపే పద్ధతి) వేసి నాలుగేళ్లు దాటింది. స్పీడు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, హార్డ్ డిస్క్ నుంచి మారిన వాళ్లందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి. ఈ డ్రైవ్ తనకేం జరుగుతోందో తానే లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క చూడబట్టే బాగున్నదాన్ని పారేయకుండా ఆగాం. కొన్నప్పుడు అట్టపెట్టె మీద స్పీడు అంకెలే కానీ ఈ ముక్క ఎక్కడా లేదు. నాకైతే ఇప్పుడు అన్నిటికంటే ఇదే పెద్ద గుణం.

గొడవ చలికాలంలో మొదలైంది. పొద్దున షాపు తెరిచి స్విచ్ వేస్తే నల్ల స్క్రీన్ మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని, అంటే విండోస్ ఉన్న డ్రైవ్ దొరకట్లేదని, వచ్చేది. ఆపి మళ్లీ వేస్తే మామూలుగా విండోస్ తెరుచుకునేది. రోజూ వస్తే ఎక్కడుందో పట్టుకోవచ్చు. ఇది కొన్నాళ్లు ఊరుకుని, సరిగ్గా పని నెత్తిమీద ఉన్నప్పుడు వచ్చేది. ఒకపక్క మాఘమాసం శుభలేఖలు, ఇంకోపక్క మిర్చి యార్డు కమిషన్ కొట్లవాళ్ల బిల్లు పుస్తకాలు. ఆ రోజుల్లో స్విచ్ నొక్కాలంటేనే టెన్షన్.

అరండల్‌పేట నుంచి వచ్చి మా సిస్టమ్‌లు చూసే కుర్రాడు, “అన్నా, ఎస్‌ఎస్‌డీలు పోయేముందు ఇట్టాగే చేస్తయ్. కొత్తది వేసి ఫార్మాట్ కొట్టేద్దాం” అన్నాడు. అతని మాట కొట్టిపారేసేది కాదు, అలా పోయేవి పోతూనే ఉంటాయి. కానీ మాకు ఫార్మాట్ అంటే విండోస్ ఒక్కటే కాదు. పేజీలు దిద్దే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, ప్రింటర్ల సెట్టింగులు అన్నీ మొదటి నుంచి ఎక్కించాలి. సీజన్ మధ్యలో ఆ పని పెట్టుకోలేం. కస్టమర్ల ఫైళ్లన్నీ ముందు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టాను.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఒకటే. ఆ మెసేజ్ వచ్చిన క్షణంలో బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు బోర్డు తెరిచే సెట్టింగుల స్క్రీన్) వెళ్తే డ్రైవ్ పేరు కనిపిస్తోందా, లేదా? పేరు ఉండీ విండోస్ రాకపోతే బూట్ ఆర్డరో (ఏ డ్రైవ్‌ని ముందు తెరవాలన్న వరస), విండోస్‌ని మొదలుపెట్టే బూట్ ఫైళ్లో చూసుకోవాలి. పేరే లేకపోతే విండోస్‌ని అనుమానించి లాభం లేదు. అప్పుడు మిగిలేవి కేబుల్, పవర్, పోర్టు, డ్రైవ్. మా సిస్టమ్‌లో పేరు కనిపించలేదు. బయోస్‌లో తేదీ, టైము సరిగానే ఉన్నాయి కాబట్టి బోర్డు మీది బిళ్ల బ్యాటరీని అనుమానించక్కర్లేకపోయింది. ఆ సెల్ అయిపోతే సెట్టింగులు చెరిగిపోయి ఇలాంటి తిప్పలే వస్తాయి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. డ్రైవ్ రాసుకున్న లెక్కలు చూపించే, ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం. పైన నీలం రంగులో ‘గుడ్’ అని ఉంది. చాలామంది అది చూసి మూసేస్తారు, అసలు సరుకు కింది పట్టికలో ఉంటుంది. అందులో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (అక్షరాలు కూడా కలిసే పదహారు గుర్తుల లెక్క) కనిపిస్తాయి, సెట్టింగుల్లో మామూలు డెసిమల్‌కి మార్చుకుంటేనే మనకు అర్థమవుతాయి. పాడైన సెక్టార్ల బదులు వేరేవి వాడుకున్న లెక్క, 05 అనే వరస, సున్నా. అంటే పాడై పక్కన పెట్టిన చోట్లేమీ లేవు. సీ7 అనే వరసలో మాత్రం సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా సరిచూపులో తేడాలు, వందల్లో ఉన్నాయి.

సీ7 చెప్పేది డ్రైవ్ లోపలి జబ్బు కాదు, దారిలో జరిగిన నష్టం. బోర్డుకీ డ్రైవ్‌కీ మధ్య డేటా పోయేటప్పుడు దాంతోపాటు ఒక సరిచూపు సంఖ్య కూడా పోతుంది. అవతల అది కలవకపోతే ఆ ముక్కని మళ్లీ పంపిస్తారు, ఇక్కడ లెక్క ఒకటి పెరుగుతుంది. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కూడా 129 నంబర్ హెచ్చరికలు వరసగా ఉన్నాయి. డ్రైవ్ జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేసిందని వాటి అర్థం.

మూత విప్పి చూస్తే డేటా కేబుల్ పాత డీవీడీ రైటర్‌ది, చివర పట్టి ఉంచే ఇనుప క్లిప్పు లేదు. పక్కమూత ఒత్తిడికి మొదట్లోనే మడత పడి ఉంది. క్లిప్పున్న కొత్త కేబుల్ వేశాను. సీ7 అంకె వేరే చోట రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే అది తగ్గదు, సున్నాకి రాదు. ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఆగింది.

కానీ కొన్నాళ్లకి మళ్లీ ఒక పొద్దున అదే నల్ల స్క్రీన్. సీ7 మాత్రం కదల్లేదు. ఈసారి ఏఈ అనే వరస పట్టించింది. మా డ్రైవ్‌లో అది చెప్పాపెట్టకుండా కరెంటు పోయిన లెక్క. కంపెనీని బట్టి ఈ వరసల అర్థాలు మారతాయి, మీదాంట్లో పేరు చదివే నమ్మండి. షాపుకి యూపీఎస్ ఉంది, మధ్యలో ఎప్పుడూ ఆగిపోలేదు, అయినా అంకె పెరుగుతోంది. అంటే డ్రైవ్ ఒక్కదానికే కరెంటు తెగుతోంది. నాలుగు పిన్నుల పాత వైరు నుంచి సాటాకి మార్చే కన్వర్టర్ దగ్గర, వేలితో కదిపితే కదిలేంత వదులు ఉంది. అది తీసేసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు సరఫరా చేసే డబ్బా) నుంచి వచ్చే సాటా వైరునే నేరుగా పెట్టాను. ఆ తర్వాత మే నెల ఎండలూ, వానాకాలమూ గడిచాయి, ఆ మెసేజ్ మళ్లీ రాలేదు. ఏఈ కూడా అక్కడే ఆగింది.

ఇంత మెచ్చుకున్నానని ఆ ‘గుడ్’ని గ్యారంటీ అనుకోవద్దు. ఎస్‌ఎస్‌డీని లోపల నడిపించే కంట్రోలర్ చిప్పు పోతే హార్డ్ డిస్క్‌లా ముందు చప్పుడు చేయదు, పట్టిక నిన్నటిదాకా శుభ్రంగా ఉండి ఇవాళ డ్రైవ్ అసలు కనిపించకపోవచ్చు. అందుకే మా షాపులో సాయంత్రం కాపీ ఇప్పటికీ మానలేదు. స్పీడు విషయంలో కూడా మొదట్లో అందరికీ చెప్పినంత ఇప్పుడు చెప్పను. ముప్పాతిక నిండాక పెద్ద ఫోల్డర్ కాపీ చేస్తే కాసేపు పరుగెత్తి ఆ తర్వాత బాగా నెమ్మదిస్తోంది. పేజ్‌మేకర్ ఫైళ్లు చిన్నవి కాబట్టి మాకు ఇబ్బంది లేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి మాత్రం ఇదే డ్రైవ్ కొనమని చెప్పలేను. ఎన్‌వీఎంఈ (కేబుల్ లేకుండా నేరుగా బోర్డులో గుచ్చే వేగమైన ఎస్‌ఎస్‌డీ) పట్టే ఎం.2 స్లాట్ ఉన్న బోర్డు అయితే అందులో అది పెట్టుకుంటే అసలు ఈ కేబుళ్ల తలనొప్పే ఉండదు. మా బోర్డులో ఆ స్లాట్ లేదు, బోర్డు మార్చేదాకా ఇదే వాడతాం.