బీటీఎంలో ఆంధ్రా మెస్, దుప్పటి స్క్రీన్, మూడు పెనాల్టీలు

ముందే చెప్పేస్తున్నా, ఈ మెస్ పేరు రాయను. టెర్రస్ మీద ప్రొజెక్టర్ పెట్టి మ్యాచ్‌లు వేయడానికి ఓనర్‌కి ఏ పర్మిషన్లు ఉన్నాయో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో పీజీల మధ్య ఇరుక్కుని ఉంటుంది, కింద భోజనాలు, పైన రేకుల షెడ్డు, ఓనర్‌ది కావలి. రెగ్యులర్‌గా వెళ్లేవాళ్లకి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది.

తిండి సంగతి త్వరగా తేల్చేస్తా. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది, గోంగూర పచ్చడిలో పుల్లదనం సరిగ్గా ఉంటుంది, నెయ్యి మాత్రం అడిగితేనే వేస్తారు. మ్యాచ్ ఉన్న రాత్రి 250 రూపాయల టోకెన్, దాంట్లో చికెన్ బిర్యానీ గానీ రెండు ఎగ్ దోశలు గానీ వస్తాయి. బిర్యానీ ఏడింటికల్లా తినేయండి, హాఫ్ టైమ్‌లో వచ్చేది అడుగు గీకిన సరుకు. చేపల పులుసు ఉంటే ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టయినా తీసుకోండి, పొద్దున చేసింది రాత్రికి బాగా ఊరి ఉంటుంది. దాని మీద నాకు ఏ కంప్లయింటూ లేదు, అసలు గొడవంతా పైన.

పైన స్క్రీన్ అంటే తెల్ల దుప్పటి, నాలుగు మూలలా పురికొసతో కట్టి ఉంటుంది, గాలొస్తే గోల్‌పోస్ట్ కూడా ఊగుతుంది. ఎడమవైపు కూర్చుంటే పిల్లర్ అడ్డం. మ్యాచ్ యాప్‌లో వస్తుంది కాబట్టి లైవ్ కన్నా కాస్త వెనక ఉంటుంది, పక్క బిల్డింగ్‌లో ఎవరింట్లోనో డిష్ టీవీ ఉన్నట్టుంది, గోల్ పడితే వాళ్ల కేక ముందు, మన గోల్ తర్వాత. వీటన్నిటికీ స్టార్లు కోసేయొచ్చు. కానీ ఇక్కడ ఒక పద్ధతి ఉంది, నేను బెంగళూరులో చూసిన ఏ స్పోర్ట్స్ బార్‌లోనూ లేనిది: రెఫరీ డౌటున్న నిర్ణయం ఇస్తే, ఓనర్ బామ్మర్ది రిమోట్ పట్టుకుని ఎవరడిగితే వాళ్లకి వెనక్కి తిప్పి చూపిస్తాడు. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు.

ఈ పద్ధతి ఎంత గొప్పదో, ఎంత ప్రమాదమో నాకు 2023 మార్చి 18న తెలిసింది. ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్, గోవా ఫతోర్డాలో, మన బెంగళూరు ఎఫ్‌సీకీ (బీఎఫ్‌సీ) కోల్‌కతా టీమ్ ఏటీకే మోహన్ బగాన్‌కీ. శనివారం. సగం మంది మర్నాడు వైజాగ్‌లో జరగబోయే ఇండియా ఆస్ట్రేలియా వన్డే గురించే మాట్లాడుకుంటున్నారు (ఆ వన్డేలో మనవాళ్లు 117కే ఆలౌటయ్యారు, దాని గురించి వద్దులెండి). బీఎఫ్‌సీ స్ట్రైకర్, అప్పటి ఇండియా కెప్టెన్ ఛెత్రి బెంచ్ మీద ఉన్నాడని ఓనర్‌కి కోపం, ఎందుకంటే ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, కాబట్టి ఆయన లెక్కలో మనోడే. మన ఫార్వర్డ్ శివశక్తికి మొదట్లోనే దెబ్బ తగిలి ఛెత్రి లోపలికి వచ్చేసరికి కౌంటర్ వదిలేసి పైకి వచ్చి కూర్చున్నాడు.

14వ నిమిషంలో మన రాయ్ కృష్ణ చేతికి బాల్ తగిలింది, బగాన్‌కి పెనాల్టీ, పెట్రటోస్ గోల్ కొట్టాడు. దీని మీద ఎవరూ పెద్దగా వాదించలేదు, చెయ్యి అంత పైకెత్తితే ఏం వాదిస్తాం. హాఫ్ టైమ్ ముందు అదే రాయ్ కృష్ణని బగాన్ ఆటగాడు సుభాశిష్ బోస్ తన్నాడు, మనకి పెనాల్టీ, ఛెత్రి వేశాడు. అప్పుడు రెఫరీ మంచోడు. 78లో కార్నర్ నుంచి మళ్లీ రాయ్ కృష్ణే తలతో కొట్టాడు, 2-1. టెర్రస్ మీద ఒకాయన అప్పుడే సంబరాలకి ఎంజీ రోడ్‌కి క్యాబ్ చూస్తున్నాడు.

85లో మన పాబ్లో పెరెజ్ అడ్డుపడటం, బగాన్ కుర్రాడు కియాన్ నసీరి కిందపడటం, విజిల్, మ్యాచ్‌లో మూడో పెనాల్టీ, బగాన్‌కి. ఫౌల్ గోల్ ముందున్న బాక్స్‌కి లోపలా (అయితేనే పెనాల్టీ), బయటా?

బామ్మర్ది పాజ్ కొట్టాడు. మా ముందు వరసలో ఒకబ్బాయి పులుసు తింటున్నవాడు లేచి, ఆ చేత్తోనే దుప్పటి మీద చూపించాడు, "ఇదిగో, ఇక్కడ తగిలింది, గీత ఇక్కడుంది" అని. వేలు పెట్టిన చోట ఎర్రగా మరక. వెనకనుంచి బెంగాలీ కుర్రాడొకడు, మా వాళ్లతో రెండేళ్లుగా ఉండి తెలుగు ముక్కలు నేర్చుకున్నవాడు, "అన్నా, గీత కూడా బాక్సే" అన్నాడు. కరెక్టే, రూల్ ప్రకారం గీత బాక్స్‌లో భాగమే. దాంతో ఇంకా మండింది. ఒకరేమో కాలు బయట తగిలిందంటారు, ఒకరేమో అసలు తగల్లేదు వాడే పడ్డాడంటారు, ఈ రెండూ ఒకే మనిషి ఒకే నిమిషంలో అన్నాడు, నేనే. ఐఎస్ఎల్‌లో అప్పటికి వీఏఆర్ (రెఫరీ నిర్ణయాన్ని వీడియోలో సరిచూసే పద్ధతి) లేదు. ఉంటే ఫౌల్ లోపలా బయటా అన్నది అది చూడదగ్గ విషయమే. మ్యాచ్ అయ్యాక బీఎఫ్‌సీ ఓనర్ పార్థ్ జిందాల్ కూడా లీగ్‌కి వీఏఆర్ కావాలని ట్వీట్ చేశాడు.

"పదిహేను రోజుల కింద కంఠీరవలో విజిల్ లేకుండా ఫ్రీ కిక్ కొట్టినప్పుడు రెఫరీ దేవుడు కదా" అని మలయాళీ చేటన్ ఒకాయన ఇంగ్లిష్‌లో అందుకున్నాడు. బీఎఫ్‌సీ హోమ్ గ్రౌండ్‌లో ఛెత్రి కొట్టిన ఆ ఫ్రీ కిక్‌ని రెఫరీ గోల్ ఇచ్చాడని కేరళ బ్లాస్టర్స్ టీమ్ మొత్తాన్ని వాళ్ల కోచ్ వుకోమనోవిచ్ బయటికి నడిపించుకుపోయిన మ్యాచ్ అది, మార్చి 3న. ఆయన మాటకి మా దగ్గర జవాబు లేదు, అందుకే గట్టిగా అరిచాం. పాపం తర్వాత వాళ్లకి 4 కోట్ల జరిమానా కూడా పడింది.

ఈ గొడవలో ఎవరూ గమనించని విషయం, మ్యాచ్ పాజ్‌లోనే ఉంది. మళ్లీ ప్లే చేసేసరికి మూడు నిమిషాలు వెనకబడ్డాం. లైవ్‌కి కొట్టమంటే ఓనర్ ఒప్పుకోడు, "మధ్యలోది మిస్సయితే ఎట్టా అబ్బాయ్" అంటాడు. ఆ పెనాల్టీతో 2-2, అలాగే ఎక్స్‌ట్రా టైమ్ అంతా చూసి షూటౌట్‌కి వచ్చాం. మన బ్రూనో రమిరెస్ బాల్ పెట్టుకుంటుండగానే పక్క బిల్డింగ్ నుంచి టపాకాయల్లాంటి తిట్లు మొదలయ్యాయి, మాకు అర్థమైపోయింది. తర్వాత బగాన్ గోల్‌కీపర్ విశాల్ కైత్ ఆపాడు. తర్వాత పెరెజ్ పైకి కొట్టాడు, 4-3. ఓడిపోయిన సంగతి ముందే తెలిసి, అది జరిగేదాకా కూర్చుని చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను, రెండు ఎగ్ దోశలు చల్లారిపోయాయి.

అంతకుముందు 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ తర్వాతి రోజుల్లోనూ ఇదే తంతు. మెస్సీ 108వ నిమిషం గోల్‌కి అర్జెంటీనా సబ్‌స్టిట్యూట్లు గోల్ పడకముందే గ్రౌండ్ లోపలికి వచ్చేశారని ఫ్రాన్స్‌లో గోల మొదలైతే, ఇక్కడ రాత్రి భోజనాల టైమ్‌లో ఆ ఫ్రేమ్ ఆపి కాళ్లు లెక్కపెట్టారు. ఆ వారంలోనే రెఫరీ మార్చినియాక్ ప్రెస్‌మీట్‌లో తన ఫోన్ తీసి, ఎంబాపే గోల్‌కి ఫ్రాన్స్ వాళ్లు ఏడుగురు లోపలున్నారని చూపిస్తే, మళ్లీ దాన్నీ వేసి లెక్కపెట్టారట. అప్పుడు నేను లేను, ఊరెళ్లా.

సర్వీసు గురించి: నీళ్లు అడిగిన రెండోసారికి వస్తాయి, బిల్లులో ఎప్పుడూ తప్పు లేదు, బాత్రూమ్ ఒక్కటే, అది కూడా కింద. ఫ్యామిలీతో వెళ్లేవాళ్లు వన్డేలకి వెళ్లండి, ఫుట్‌బాల్ ఫైనల్‌కి వద్దు, భాష బాగోదు. నా రేటింగ్ ఐదుకి నాలుగు, పోయిన ఒకటి ప్రొజెక్టర్‌ది.

2025 ఏప్రిల్‌లో మళ్లీ అదే ఫైనల్, మళ్లీ అదే బగాన్, ఈసారి కోల్‌కతా సాల్ట్ లేక్‌లో, మళ్లీ వాళ్లకో పెనాల్టీ, మన చింగ్లెన్‌సనా హ్యాండ్‌బాల్, ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో పోయింది. వెళ్లి చూస్తే అదే దుప్పటి. ఉతికారు, మూలలు తెల్లగా ఉన్నాయి, కుడి పక్కన బాక్స్ గీత వచ్చే చోట మాత్రం ఆ పులుసు వేలు ఇంకా లేత నారింజ రంగులో కనిపిస్తోంది. బగాన్ ఆటగాడు కమ్మింగ్స్ ఆ పెనాల్టీ కొట్టేటప్పుడు బాల్ దాని పక్కనుంచే వెళ్లింది.