బట్టమేకపిట్ట కోసం కరెంటు తీగలు: పాతాలా, దారి మళ్లించాలా, డైవర్టర్లు చాలా?

"సోలార్ కరెంటు కూడా పర్యావరణం కోసమేగా, ఒక పిట్ట కోసం దాన్ని ఆపాలా?" బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, అంతరించే దశలో ఉన్న గడ్డిమైదానాల పెద్ద పిట్ట) మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు ఇలా అడుగుతున్నారు. ఆపక్కర్లేదు. ఆ కరెంటును మోసుకెళ్లే తీగలకు తగిలి ఈ పిట్టలు చస్తున్నాయి, తేల్చుకోవాల్సింది ఆ తీగల సంగతి.

చిక్కంతా చోటుది. రాజస్థాన్ జైసల్మేర్‌లో, గుజరాత్ కచ్‌లో ఎండ, గాలి పుష్కలం కాబట్టి సోలార్, గాలిమరల కేంద్రాలు అక్కడే వస్తున్నాయి. మిగిలిన కొద్దిపాటి బట్టమేకల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ వైపే ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలో వేయమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది.

చవకైన మార్గం డైవర్టర్లు. తీగకు వేలాడుతూ పిట్టకు ముందే కనిపించేలా చేసే బిళ్లలివి. కొన్ని పక్షులకు బాగానే పనికొస్తాయి. కానీ బట్టమేక మగది 15 కిలోల దాకా తూగుతుంది, కళ్లు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్నది సరిగా కానరాదు. తీగ కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. పైగా గాలికి బిళ్లలు ఊడిపోతుంటాయి, వాటిని ఏళ్ల తరబడి చూసుకోవాలి.

నా దృష్టిలో అసలు లెక్క గుడ్డుది. ఆడపిట్ట మామూలుగా ఏడాదికి ఒకటే పెడుతుంది, అదీ నేల మీద, కుక్కలకూ నక్కలకూ అందేలా. ఎదిగిన పిట్ట ఒకటి తీగకు తగిలి చస్తే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి గుడ్లు పెట్టే చోట ప్రమాదాలు "తగ్గితే" సరిపోదు, అక్కడ పైన తీగే ఉండకూడదు.

అయితే అన్నీ పాతమనడం కూడా కుదరదు. 33 కేవీ (కిలోవోల్టుల) లాంటి తక్కువ వోల్టేజీ లైన్లు పాతొచ్చు. 400, 765 కేవీ భారీ లైన్లను చాలా దూరం పాతాలంటే ఖర్చు అనేక రెట్లు, సాంకేతిక ఇబ్బందులూ ఎక్కువే. వాటిని పిట్టలు గుడ్లు పెట్టే ఆ ముఖ్య ప్రాంతం చుట్టూ తిప్పి తీసుకెళ్లాలి. దూరం పెరిగితే కరెంటు కాస్త ప్రియమవుతుంది, నిజమే. ఆ భారాన్ని మోయాలనే నేనంటాను. డైవర్టర్లు బయటి లైన్లకు ఉంచుకోవచ్చు.

కృత్రిమంగా పొదిగించే కేంద్రాలు అవసరమే, కానీ అవి బీమాలాంటివి. మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ఉంది, కృష్ణజింకలున్నాయి, బట్టమేకలే కనుమరుగయ్యాయి. చుట్టుపక్కల పైర్లు, నేలల వాడకం మారిపోయాక లోపలి గడ్డిమైదానం ఒక్కటే వాటిని నిలపలేకపోయింది. జైసల్మేర్‌లో పొదిగించిన పిల్లల్ని రేపు వదలాలన్నా తీగల్లేని మైదానం ఇప్పుడే పక్కన పెట్టాలి. సోలార్ పార్కులకు స్థలం కేటాయించే ముందే ఆ గీత గీయాలి.